అమ్మకూ నాయనకూ ఇద్దరికీ క్యాన్సర్ అంటే... ఇంట్లో పిల్లలు ఏం చెయ్యాలె?

 

ఈ ముచ్చట మీద మాట్లాడమని శానామంది అడిగిన్రు. ఎక్కువగా మన నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి. అందరి మాటా దాదాపు ఒక్కటే. "అన్నా, నాయనకు క్యాన్సర్ అని తెలిసి ఆర్నెల్లు కాలే, ఇప్పుడు అమ్మకు కూడా అంటున్నరు, ఏం చెయ్యాల్నో సమజైతలేదు" అని. ఒక్కరికి వస్తేనే ఇల్లు ఆగమైతది. ఇద్దరికీ వస్తే ఎవరు ఎవరిని చూసుకోవాలె? మా ఇంట్ల ఇదే జరిగింది. అందుకే ఇయ్యాల ఏ డాక్టర్‌ను పిలవకుండా నేనే కూసున్న. మందుల సంగతి డాక్టర్ చెప్పాలె, నేను చెప్పను. ఇంటి సంగతి చెప్త.

మాది దేవరకొండ దాటినంక డిండి పోయే తొవ్వల ఒక చిన్న ఊరు. నల్లగొండకు చివర, పాలమూరుకు మొదలు. పత్తి, కంది, వాన పడితే పంట, లేకుంటే లేదు. అన్న పుణెల సైటు పనికి పోయిండు, అక్కను జడ్చర్లకు ఇచ్చినం, నేను హైదరాబాద్‌ల ఉద్యోగం. అంటే ఇంటి దగ్గర ఉండేది అమ్మ, నాయన ఇద్దరే. మన దిక్కు ఏ ఊరికి పోయినా ఇదే కథ కదా. పిల్లలు బతకపోతరు, ముసలోళ్ళు ఊళ్ళె ఉంటరు. ఒకరికి బాగలేకుంటే ఇంకొకరు చూసుకుంటరు అన్న ధైర్యం మీదనే మనం బయట ఉద్యోగాలు చేస్తున్నం. ఇద్దరూ ఒక్కపారే పడితే ఆ ధైర్యం పోతది.

2024 ఫిబ్రవరిల నాయనకు దవడ లోపల పుండు, మానుతలేదు. అంబర్, బీడీ రెండూ అలవాటు. బయాప్సీల క్యాన్సర్ అని వచ్చింది. అప్పుడు 68 ఏండ్లు. ఆపరేషన్ చేసిన్రు, తర్వాత రేడియేషన్, వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు. నోరంతా పొక్కింది, ముక్కులోంచి పైపు వేసిన్రు. అమ్మ రాగి అంబలి, పాలు, పప్పుకట్టు వడగట్టి పైపుల పోసేది. జూన్‌ల అమ్మను అక్క స్నానానికి నీళ్ళు తోడుతూ చూసింది, రొమ్ము దగ్గర చర్మం లోపలికి గుంజుకపోయినట్టు ఉంది. "ఎప్పటి నుంచే?" అంటే "మీ నాయన ఆపరేషన్ ముంగట్నుంచి" అన్నది. నాలుగు నెలలు. చెప్పలేదు. "చెప్తే ఆయన్ని ఎవరు చూస్తరు" అన్నది.

ఒకరి రోగం వెనక ఇంకొకరి రోగం దాసుకుంటది. మా ఇంట్లనే కాదు, హాస్పిటల్‌ల వరండాల కూసొని ఎంతమందితో మాట్లాడినా ఇదే విన్న. ముఖ్యంగా అమ్మలు. తెల్లబట్ట, రక్తం, గడ్డ, ఏదైనా సరే, ఇంట్ల మగమనిషి మంచాన ఉంటే నోరు తెరవరు. అందుకే ఇప్పుడు వింటున్నవాళ్ళలో ఎవరింట్లయినా ఒక్కరికే వచ్చి ఉంటే, ఈ వారంలనే రెండోవాళ్ళకు పరీక్షలు చేయించున్రి. 30 ఏండ్లు దాటినోళ్ళకు బీపీ, షుగర్‌తోపాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడు క్యాన్సర్లకు స్క్రీనింగ్ చెయ్యాలని ప్రభుత్వ కార్యక్రమమే ఉంది. ఊళ్ళె ఆశ వర్కర్‌ను అడగున్రి, పీహెచ్‌సీకి తోల్కపోతది. ఊకె అడిగితే అమ్మ చెప్పదు. నాకైతే "నాకేమైందిరా, బండరాయి లెక్క ఉన్న" అన్నది.

సరే, ఇద్దరికీ అని తెలిసింది. అప్పుడు ఇంట్ల వచ్చే మొదటి కొట్లాట ఏందంటే, ఎవరి వైద్యం ముందు? నాయన అన్నడు, "నాది ఆపున్రి, దానికి చూపియ్యున్రి." అమ్మ అన్నది, "ఆయనది సగంల ఉన్నది, నాది ఇప్పుడేం కొంపలు మునగలే." ఇద్దరూ ఒకరి కోసం ఒకరు త్యాగం చేస్తుంటే సినిమాల బాగుంటది. ఇంట్ల మాత్రం పని ఆగిపోతది. ఈ ముచ్చట వాళ్ళిద్దరినీ తేల్చనియ్యొద్దు. ఇద్దరి డాక్టర్లను ఒకటే ప్రశ్న అడగాలె: "సార్, ఇంట్ల ఇంకో పేషెంట్ ఉన్నరు. ఈ వైద్యం ఎన్ని రోజులు ఆగొచ్చు, ఏది అస్సలు ఆగొద్దు?" డాక్టర్‌కు మీ ఇంట్ల సంగతి మీరు చెప్తేనే తెలుస్తది. మాకు చెప్పింది ఏందంటే, నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలుపెట్టినంక మధ్యలో ఆపొద్దు, గ్యాప్ ఇస్తే ఫలితం తగ్గుతది. అమ్మది రిపోర్టులన్నీ వచ్చి, ప్లాన్ చేసేదాంక రెండు మూడు వారాలు ఎట్లైనా పడ్తది, నెలలు మాత్రం ఆగొద్దు. ఆ ఒక్క జవాబుతో కొట్లాట ఆగింది. నాయన రేడియేషన్ అయిపోయిన వారానికి అమ్మకు ఆపరేషన్.

తర్వాత కీమో. ఇక్కడ ఒక చిన్న ముచ్చట, ఎవ్వరూ చెప్పరు. ఇద్దరికీ కీమో ఉంటే, ఒక్కరోజే పెట్టిస్తే బస్సు ఖర్చు కలిసొస్తది, ఒక్క లీవుతో పనైతది అనిపిస్తది. అట్ల చెయ్యకున్రి. కీమో ఇచ్చినంక వారం నుంచి రెండు వారాల నడుమ తెల్ల రక్తకణాలు బాగ పడిపోతయి, అప్పుడే జ్వరాలు, ఇన్‌ఫెక్షన్లు. ఇద్దరికీ ఒక్క వారమే ఆ టైం వస్తే ఇంట్ల మంచినీళ్ళు అందించేటోళ్ళు ఉండరు. నాయనకు జబ్బు తిరగబెట్టి కీమో మొదలుపెట్టేసరికి అమ్మవి చివరి రెండు సైకిళ్ళు మిగిలి ఉన్నయి. మూడు వారాల సైకిల్ కదా, డాక్టర్‌ను అడిగి ఇద్దరి తేదీల నడుమ పది రోజులు ఎడం ఉండేటట్టు చేసుకున్నం. అమ్మ పండుకున్న వారం నాయన లేచి చాయ్ పెట్టిండు. పెండ్లయి 45 ఏండ్లు, ఆయన చాయ్ పెట్టుడు అదే మొదలు. బాగలేదనుకోండి, కానీ పెట్టిండు.

ఇంకోటి గట్టిగ చెప్తున్న. కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే డోలో వేసి పొద్దున చూద్దాం అనొద్దు, ఆర్ఎంపీ దగ్గర సూది వేయించొద్దు. అర్ధరాత్రి అయినా సరే హాస్పిటల్. థర్మామీటర్ రెండు కొనున్రి, ఇద్దరికీ వేరేవేరే. క్యాన్సర్ అంటుకుంటదని కాదు, ఇద్దరి జ్వరాల లెక్క కలిసిపోకుండా.

అంటుకునే ముచ్చట వచ్చింది కాబట్టి. ఇద్దరికీ వచ్చేసరికి ఊళ్ళె ఒకటే మాట, "ఒకరిది ఒకరికి అంటింది." చుట్టాలు వచ్చి ఇంట్ల నీళ్ళు తాగలేదు. మా పెద్దమ్మ పళ్ళాలు వేరే పెట్టుమన్నది. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి తుమ్మితేనో, ఎంగిలి తింటేనో అంటుకునేది కాదు. 60 దాటినంక క్యాన్సర్ రావడం అరుదేం కాదు, ఒకే ఇంట్ల ఇద్దరు ముసలోళ్ళు ఉంటే ఇద్దరికీ వచ్చే అవకాశం ఎట్లైనా ఉంటది. ఇంకొందరేమో ఫ్లోరైడ్ నీళ్ళ వల్లనే అన్నరు. మన నల్లగొండ ఫ్లోరైడ్ బాధ చిన్నదేం కాదు, వంగిపోయిన నడుములు, గార పట్టిన పండ్లు చూసుకుంటనే పెరిగినం. కానీ అది ఎముకలది, పండ్లది. నీళ్ళల్లో ఫ్లోరైడ్‌తో క్యాన్సర్ వస్తదని తేలలేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1987లనే ఆధారాలు చాలవని చెప్పింది. నాయనకు మాత్రం అంబర్, బీడీ ఉండె. దానికి ఆధారాలు కావల్సినన్ని ఉన్నయి. నీళ్ళ మీదికి తోసేస్తే మనకు సుఖంగ ఉంటది, జేబుల పొట్లం అట్లనే ఉంటది.

ఇగ పైసలు. ఆరోగ్యశ్రీ మొదలైందే మన పాలమూరుల, తెలుసా? 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్ల పెట్టిన్రు, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. ఇప్పుడు తెలంగాణల పరిమితి ఏడాదికి 10 లక్షలు, 2023 డిసెంబర్‌ల పెంచిన్రు. ఇద్దరు పేషెంట్లు ఉన్న ఇంటికి అసలు తెలవాల్సిన ముచ్చట ఇది: ఆ 10 లక్షలు మనిషికి కాదు, కుటుంబానికి. ఒకరిది ఎంత వాడిన్రో, ఇంకొకరికి అంత తగ్గుతది. మామూలుగ ఒక్కరికైతే ఈ లెక్క అవసరం పడదు. ఇద్దరికైతే పడ్తది. హాస్పిటల్‌ల ఆరోగ్యమిత్ర అని డెస్క్ ఉంటది, ఒక్కో అప్రూవల్ అయినప్పుడల్లా ఎంత అయింది, ఎంత మిగిలింది అని అడిగి నోట్‌బుక్‌ల రాసుకోవాలె. 70 దాటినోళ్ళకైతే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఉంది, ఆదాయంతో సంబంధం లేదు, అదీ 5 లక్షల దాంక. అదీ కుటుంబానికే, ఇద్దరు ముసలోళ్ళు పంచుకోవాల్సిందే. మా నాయనకు వయసు చాలలేదు, మీ ఇంట్ల చాలుతదేమో చూడున్రి.

కార్డుల రానిది మస్తు ఉంటది. అప్రూవల్‌కు ముందు టెస్టులు, స్కాన్లు, తిండి, రూం కిరాయి, పైపుకు సిరంజీలు, బస్సులు. మా అన్న పుణె నుంచి పంపిస్తుండె, చాలలేదు. ఊళ్ళె మూడు రూపాయల మిత్తికి ఇస్తమన్నరు. మూడు రూపాయలంటే చిన్నగ వినిపిస్తది. 2 లక్షలు తెస్తే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు, అసలు అట్లనే ఉంటది. ఎకరం అమ్ముదాం అని నాయన అన్నడు, అన్న వద్దన్నడు, నాకూ అన్నకూ రెండు నెలలు మాటల్లేవు. చివరికి బంగారం బ్యాంకుల పెట్టినం, మిత్తి తక్కువ పడ్డది. నాయన ఎకరం అట్లనే ఉంది. అది సరైన నిర్ణయమా కాదా అని నన్నడిగితే, మాకైతే సరే. మీకు పిల్లల చదువు, అప్పు ఎంత ఉందో చూసుకోవాలె. ఒక్కటి మాత్రం, లెక్క ఎవరో ఒక్కరి చేతులనే ఉండాలె, అందరికీ కనపడాలె. మా అక్క వాట్సాప్ గ్రూపుల ప్రతి బిల్లు ఫోటో పెట్టేది. ఆ తర్వాత అన్న కూడా మెత్తబడ్డడు.

ప్రైవేటుకే పోవాలె అని లేదు. లక్డీకాపూల్ దగ్గర రెడ్ హిల్స్‌ల ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, సర్కారుది, 1955 నుంచి నడుస్తుంది. మెహదీ నవాజ్ జంగ్ అనే ఆయన పేరు అది. జనం ఎక్కువ, లైను ఎక్కువ, ఓపిక కావాలె, నిజమే. బంజారాహిల్స్‌ల బసవతారకం 2000ల మొదలైంది, ఎన్టీఆర్ తన భార్య క్యాన్సర్‌తో పోయినంక ఆమె పేరు మీద పెట్టించిన ట్రస్టు అది. రైలుకు పోయేటోళ్ళకు, క్యాన్సర్ పేషెంట్‌కూ తోడు వచ్చేటోళ్ళకూ టికెట్ల రాయితీ ఉంది, హాస్పిటల్ నుంచి ఫారం రాయించుకోవాలె. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రైలుకు పోయేటోళ్ళు ఇది అడగకుండనే పూర్తి టికెట్ కొంటున్నరు.

ఇప్పుడు అసలు కష్టమైన ముచ్చట. చెప్పాల్నా, దాసాల్నా?

మేం ముగ్గురం కలిసి నిర్ణయించినం, నాయనకు అమ్మ సంగతి చెప్పొద్దని. "ఆయన గుండె పగుల్తది" అన్నది అక్క. అమ్మకు గడ్డ, చిన్న ఆపరేషన్ అని చెప్పినం. నాయన చదువుకోలేదు. ఒకనాడు మంచం మీద రెండు ఫైళ్ళు పక్కపక్కన ఉన్నయి. వేలు పెట్టి చూపించి, "ఈ బొమ్మ నా ఫైలు మీద ఉంది, దాని ఫైలు మీద కూడ ఉంది. నాకు అక్షరాలు రావుగని కండ్లు కనబడ్తయి" అన్నడు. హాస్పిటల్ గుర్తు అది. ఎవ్వరం మాట్లాడలే. అమ్మ పొయ్యి కాడి నుంచే అన్నది, "అవు, నాకూ అదే." అంతే. ఆ రాత్రి ఇద్దరూ వాకిట్ల కూసొని శానాసేపు మాట్లాడుకున్నరు. ఏం మాట్లాడుకున్నరో మాకు తెల్వదు. తెల్లారి నుంచి ఇంట్ల గుసగుసలు లేవు. ఒకరి గోలీలు ఒకరు గుర్తుచేసుకున్నరు. నా అభిప్రాయం అడిగితే, భార్యాభర్తల నడుమ దాసకున్రి. స్టేజీలు, శాతాలు అన్నీ ఏకరువు పెట్టుమని కాదు. అడిగినదానికి అబద్ధం చెప్పొద్దు. 45 ఏండ్లు కలిసి ఉన్నోళ్ళకు, ఒకరి ముఖం ఒకరికి రిపోర్టు కంటే ముందే తెలుస్తది.

2025 మార్చి వరకు సంగతి ఇట్ల ఉంది. అమ్మకు వైద్యం పూర్తయింది, రోజూ ఒక గోలీ, మూడు నెలలకోసారి చూపించుకోవాలె. నాయనకు కీమో పనిచెయ్యలే, మెడల గడ్డలు పెరిగినయి. ఇంకో రకం మందు ఉంది, తగ్గుతదని చెప్పలేం, కొన్ని నెలలు పెరగొచ్చు అన్నరు. మేం వేద్దాం అన్నం. నాయన వద్దన్నడు. "ఇంటికి తోల్కపోండ్రి. చేను చూసుకుంట ఉంట." ఒకే ఇంట్ల ఒకరు బతుకు దిక్కు, ఒకరు అటు దిక్కు. అమ్మకు బలం రావాలని గుడ్లు ఉడకబెడ్తున్నం, అదే పొయ్యి మీద నాయనకు గొంతు దిగేటట్టు జావ కాస్తున్నం. అమ్మకు తిన బుద్ధి కాలేదు, "నేను లేస్తుంటే ఆయన పడిపోతుండు" అన్నది. దీనికి నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పుడూ లేదు.

కానీ నొప్పికి జవాబు ఉంది. ఇది ప్రతి ఒక్కరూ వినున్రి. పాలియేటివ్ కేర్ అంటారు. సచ్చిపోయేముందు మాత్రమే ఇచ్చేది అనుకుంటరు, కాదు. జబ్బు ఏ దశల ఉన్నా నొప్పి, వాంతులు, పుండ్ల వాసన, నిద్ర, భయం, వీటిని తగ్గించే వైద్యం. ఎంఎన్‌జేల దానికి ప్రత్యేక విభాగమే ఉంది. తెలంగాణల జిల్లా ఆసుపత్రుల దాంక కూడా ఆ కేంద్రాలు వచ్చినయి, నర్సులు బండిల ఇంటికి వచ్చి పుండు కట్టి పోతరు. హైదరాబాద్‌ల స్పర్శ్ హాస్పైస్ 2011 నుంచి పైసలు తీసుకోకుండా చూస్తున్నది. మీ జిల్లా ఆసుపత్రికి పోయి ఆ గది ఎక్కడ అని అడగున్రి.

నాయనకు మార్ఫిన్ గోలీలు రాసిన్రు. మా బావ భయపడ్డడు, "మత్తుమందు, అలవాటైతది" అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లనే చెప్పింది, మామూలు గోలీలతో ఆగని క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఇయ్యాలె అని, మెట్లు మెట్లుగ. మన దేశంల చట్టం కఠినంగ ఉండి దొరకకపోయేది, 2014ల సవరణ చేసి సులువు చేసిన్రు. డాక్టర్ చెప్పిన లెక్కల వేసుకుంటే భయం లేదు, మలబద్ధకం వస్తది, దానికి మందు కలిపి రాస్తరు. మూడో రోజు నాయన రాత్రంతా పండుకున్నడు. పొద్దున లేచి, "ఇది ముందుగాల్నే ఎందుకియ్యలేదు" అని అడిగిండు. జూలై దాంక ఉన్నడు. చివరి నెల కూడా చేను గట్టు మీద కూసున్నడు.

ఇంకొక్కటి చెప్పాలె, ఏ హాస్పిటల్ల చెప్పరు. రొమ్ము ఆపరేషన్ అయి సంకల గడ్డలు తీసిన దిక్కు చెయ్యి ఉంటది కదా, ఆ చేతికి దెబ్బ తగలొద్దు, గీరుకపోవొద్దు, సూది, బీపీ పట్టీ ఆ చేతికి వద్దంటరు. ఇన్‌ఫెక్షన్ అయితే చెయ్యి వాస్తది, ఆ వాపు మళ్ళ పోదు. నాయన పదో దినం నాడు గాజులు పగలగొట్టుడు ఉంటది కదా మనల. ముసలమ్మలు అమ్మ రెండు చేతులూ పట్టుకున్నరు. అక్క అడ్డం వచ్చింది. "ఆ చెయ్యి ముట్టుకోవద్దు." పెద్ద లొల్లి అయింది. ఆచారం అన్నరు, అరిష్టం అన్నరు. అక్క ఇంచు కూడ కదల్లే. సబ్బు పెట్టి ఆ చేతి గాజులు మెల్లగ తీసింది. ఈ పగలగొట్టుడే వద్దని నా మాట, ఏ చేతికైనా. అది ఇంకో ఎపిసోడ్. కానీ మీ ఇంట్ల ఇట్లాంటి దినం వస్తే, ముందుగాల్నే పెద్దోళ్ళకు ఒకరు చెప్పి పెట్టున్రి, ఆ పూట వాదించే ఓపిక ఎవరికీ ఉండది.

మీ గురించి కూడ కొంచెం. "ఇద్దరికీ వచ్చింది, నాకూ వస్తదా" అని రాత్రిళ్ళు ఫోన్‌ల వెతుక్కుంటరు, నాకు తెలుసు. వంశపారంపర్యంగ వచ్చేవి మొత్తం క్యాన్సర్లల నూటికి 5 నుంచి 10 వరకే. అమ్మవైపు చిన్న వయసుల రొమ్ము, అండాశయం క్యాన్సర్లు ఇంకెవరికన్న ఉంటే డాక్టర్‌కు చెప్పున్రి, ముఖ్యంగా ఆడపిల్లలు. నిద్ర పట్టకుంటే, గుండె దడ వస్తుంటే 14416కు చెయ్యున్రి, టెలీ మానస్, తెలుగుల మాట్లాడ్తరు, పైసలు లేవు. మా అక్క వారానికి ఒక్కరోజు, ఆదివారం, జడ్చర్ల పోయి పిల్లలతో ఉండాలని నియమం పెట్టుకున్నం. మొదట్ల ఆమెకే తప్పు చేస్తున్నట్టు అనిపించింది. ఆ ఒక్కరోజు లేకుంటే మూడో పేషెంట్ ఆమెనే అయ్యేది.

అమ్మ ఇప్పుడు మంచిగనే ఉంది. పోయిన రివ్యూకు నేను లీవు పెడ్త అంటే వద్దన్నది. ఫైలు సంచిల వేసుకొని, ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్ మీద దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగ ఎంజీబీఎస్‌ల ఒక్కతే దిగింది. నాకు ఫోన్ చేసి, "పదకొండో నంబర్ టోకెన్ దొరికింది, నువ్వు డ్యూటీ చూస్కో" అన్నది. సాయంత్రం తిరుగు బస్సు ఎక్కినంక మళ్ళ చేసింది, మళ్ళ రివ్యూ మూడు నెలలకు అంట.

ఉంట మరి.